ఆఫీసు బృందానికి కలర్ లేజర్ ప్రింటర్: కొనేముందు క్రమపద్ధతిలో పరీక్షించుకునే విధానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల్లోని తెలుగువారి ఆఫీసుల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఐదారుగురి నుంచి ఇరవై మంది దాకా కలిసి వాడుకునే కలర్ లేజర్ ప్రింటర్‌ను ఏ ఆధారంతో ఎంచుకోవాలి? ఒక మోడల్ పేరు చెప్పేస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, మోడళ్లు తరచూ మారిపోతుంటాయి. పైగా బరంపురంలోని పట్టుచీరల వ్యాపారికి సరిపడే యంత్రం రాయగడలోని ఆడిటర్ ఆఫీసుకు సరిపడకపోవచ్చు. అందుకే ఇక్కడ మోడళ్ల పేర్లు లేవు, పరీక్షించే పద్ధతి మాత్రమే ఉంది.

మీ పేజీలు, మీ కాగితం, మీ కరెంటు, మీ ఊరికి రాగల మెకానిక్: ఈ నాలుగింటి దగ్గర నెగ్గిన ప్రింటరే మీకు పనికొస్తుంది. ముద్రించాల్సినవి ప్రధానంగా ఫొటోలే అయితే మాత్రం లేజర్ జోలికి రాకుండా మంచి ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ చూసుకోవడం మేలు. ఉత్తరాలు, బిల్లులు, కొటేషన్లు, పట్టికలు, చార్టులు, లోగో ఉన్న పత్రాలు మీ పని అయితే కింది క్రమాన్ని పాటించండి. క్రమం ముఖ్యం, ఎందుకంటే మొదటి మెట్టులో తీసిన లెక్క లేకుండా మూడో మెట్టు వేయలేరు.

1. ముందుగా మీ ఆఫీసు లెక్క తీయండి

షోరూముకు వెళ్లడానికి కనీసం ఒక నెల ముందు ఈ పని మొదలుపెట్టాలి. ఇప్పుడు వాడుతున్న దాదాపు ప్రతి ప్రింటర్‌లోనూ కాన్ఫిగరేషన్ పేజీ లేదా యూసేజ్ పేజీ అనే నివేదికను ముద్రించుకునే వీలుంటుంది. అందులో ఆ యంత్రం పుట్టినప్పటి నుంచి ముద్రించిన మొత్తం పేజీల సంఖ్య కనిపిస్తుంది. నెల మొదటి తేదీన ఒకటి, ఆఖరి తేదీన ఒకటి తీసి, రెంటి తేడా రాసుకోండి.

కలర్ పేజీలు బయట జిరాక్సు సెంటరులో తీయిస్తున్నట్లయితే ఆ రసీదులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా ఆఫీసులు ఈ ఖర్చును చిల్లర పద్దులో పడేసి మరచిపోతాయి. తీరా కూడితే కలర్ వాటా అనుకున్నదానికంటే ఎక్కువగా తేలుతుంది.

ఒక్క నెల లెక్క చాలదు, రద్దీ నెల లెక్క కూడా కావాలి. ఆడిటర్లకు మార్చి, సెప్టెంబరు, కాలేజీలకు అడ్మిషన్ల నెలలు, బట్టల వ్యాపారులకు పెళ్లిళ్ల కాలం, ఇలా ప్రతి వృత్తికీ ఒక రద్దీ ఉంటుంది. యంత్రం ఆ నెలను తట్టుకోవాలి.

ఈ మెట్టులో రాసుకోవలసినవి:
- సాధారణ నెలలో నలుపు పేజీలు, కలర్ పేజీలు విడివిడిగా
- రద్దీ నెలలో ఈ రెండూ ఎంతకు చేరతాయి
- వాడే కాగితం సైజులు: ఏ4 మాత్రమేనా, ఒప్పంద పత్రాల కోసం లీగల్ కూడానా, కవర్లు ఉన్నాయా
- వాడే కాగితం బరువు: 70, 75, 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు)లలో ఏది, మందపాటి అట్ట కాగితం అవసరమా
- ఒకేసారి ప్రింట్ కొట్టేవారు ఎందరు
- ఏయే లిపుల్లో ముద్రిస్తారు, ఏ ఫాంట్లతో

చివరి అంశాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఖాతాదారుకు తెలుగులో, కలెక్టరేటుకు ఒడియాలో, బ్యాంకుకు ఇంగ్లీషులో ఉత్తరాలు రాసే ఆఫీసులు మన ప్రాంతంలో సర్వసాధారణం. ప్రింటర్ కంపెనీ చూపించే నమూనా పేజీలో ఈ మూడూ కలిసి ఎప్పుడూ ఉండవు.

2. బ్రోచర్‌లోని అంకెలను చదివే తీరు

వేగం: నిమిషానికి ఇన్ని పేజీలు అన్న అంకె ఐఎస్ఓ/ఐఈసీ 24734 ప్రమాణం ప్రకారం కొలిచిందేనా అని చూడండి. అది ఆఫీసు పత్రాలతో కొలిచే పద్ధతి కాబట్టి పోల్చడానికి పనికొస్తుంది. అయితే మన ఆఫీసుల్లో ఒక్కొక్కరూ ఒకటి రెండు పేజీలే కొడతారు గనుక, నిమిషానికి 21 పేజీలా 28 పేజీలా అన్నదానికంటే నిద్రావస్థ నుంచి మొదటి పేజీ బయటికి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందన్నదే రోజువారీ ఓపికను పరీక్షిస్తుంది.

నెలసరి సామర్థ్యం: బ్రోచర్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. గరిష్ఠ డ్యూటీ సైకిల్ అనేది చాలా పెద్ద అంకె. అది యంత్రం ఒక నెలలో తట్టుకోగల పైహద్దు మాత్రమే. మీరు చూడవలసింది సిఫారసు చేసిన నెలసరి పేజీల సంఖ్య. మీ సాధారణ నెల లెక్క ఈ సిఫారసు పరిధి మధ్యలోనూ, రద్దీ నెల లెక్క దాని పైఅంచు లోపలా ఉండాలి.

టోనర్ దిగుబడి: టోనర్ అంటే లేజర్ ప్రింటర్‌లో సిరాకు బదులు వాడే రంగు పొడి డబ్బా. కలర్ టోనర్ ఎన్ని పేజీలు వస్తుందో ఐఎస్ఓ/ఐఈసీ 19798 ప్రకారం చెబుతారు. ఆ పరీక్ష పేజీల్లో ఒక్కో రంగు పేజీలో సుమారు 5 శాతం మేరకే ఉంటుంది, పైగా ఆపకుండా ముద్రిస్తూ కొలుస్తారు. లోగో, రంగు పట్టీలు, చీరల బొమ్మలు ఉన్న పేజీలకు, ఒక్కొక్క పేజీగా ముద్రించే వాడకానికి అంతకంటే తక్కువే వస్తుంది.

యంత్రంతో వచ్చే టోనర్: పెట్టెలోపల ఇచ్చేది చాలా మోడళ్లలో పూర్తి టోనర్ కాదు, తక్కువ పేజీల స్టార్టర్ టోనర్. ఎన్ని పేజీలకో అడిగి రాయించుకోండి.

డీపీఐ (అంగుళానికి పడే చుక్కల సంఖ్య): 600 అయినా 1200 అయినా సాధారణ ఉత్తరాల్లో తేడా తెలియదు. చిన్న అక్షరాల తెలుగులో మాత్రం తెలుస్తుంది, దాన్ని కంటితోనే తేల్చుకోవచ్చు. ట్రేల విషయంలో, ఒక రీము అంటే 500 కాగితాలు కాబట్టి, 250 కాగితాల ట్రే ఉన్న యంత్రానికి పదిహేను మంది ఉన్న ఆఫీసులో రోజుకు ఎన్నిసార్లు కాగితం పెట్టాల్సి వస్తుందో మీరే లెక్క వేసుకోగలరు. రెండువైపులా దానంతటదే ముద్రించే సదుపాయం లేని యంత్రాన్ని బృందం కోసం కొనవద్దు.

3. పేజీ ఖర్చు తేల్చండి

ఈ ఒక్క లెక్క వేయకపోవడం వల్లనే ఎక్కువ డబ్బు పోతుంది. సూత్రం సులువు: టోనర్ ధరను దాని పేజీల సంఖ్యతో భాగిస్తే ఆ రంగు పేజీ ఖర్చు వస్తుంది. నలుపు పేజీకి నలుపు టోనర్ ఖర్చు, కలర్ పేజీకి నాలుగు రంగుల (నలుపు, సయాన్, మెజెంటా, పసుపు) ఖర్చుల మొత్తం.

లెక్క పద్ధతి అర్థం కావడానికి రెండు ఊహా యంత్రాలు తీసుకుందాం. కింది ధరలు ఉదాహరణ కోసమే. మీరు మీ డీలరు ఇచ్చిన అసలు ధరలు వేసుకోవాలి.

మొదటి యంత్రం ధర రూ. 32,000. నలుపు టోనర్ రూ. 6,000, 2,400 పేజీలు. అంటే పేజీకి రూ. 2.50. మిగిలిన మూడు రంగులూ ఒక్కోటి రూ. 6,900, 2,300 పేజీలు. అంటే రంగుకు రూ. 3 చొప్పున రూ. 9. కలర్ పేజీ ఖర్చు రూ. 11.50.

రెండో యంత్రం ధర రూ. 58,000. నలుపు టోనర్ రూ. 9,000, 7,500 పేజీలు, పేజీకి రూ. 1.20. మిగిలిన రంగులు ఒక్కోటి రూ. 10,800, 6,000 పేజీలు, రంగుకు రూ. 1.80 చొప్పున రూ. 5.40. కలర్ పేజీ ఖర్చు రూ. 6.60.

నెలకు 1,500 నలుపు పేజీలు, 500 కలర్ పేజీలు ముద్రించే ఆఫీసుకు మొదటి యంత్రంపై నెల ఖర్చు రూ. 9,500, రెండోదానిపై రూ. 5,100. ధరలో ఉన్న రూ. 26,000 తేడా ఆరు నెలలు తిరక్కుండానే పూడిపోతుంది. మూడేళ్లకు యంత్రం ధరతో కలిపి చూస్తే మొదటిది రూ. 3,74,000, రెండోది రూ. 2,41,600 అవుతుంది. అదే నెలకు 150 పేజీలు మాత్రమే కొట్టే ఆఫీసు అయితే తీర్పు తలకిందులవుతుంది, చవక యంత్రమే గెలుస్తుంది. అందుకే మొదటి మెట్టు లెక్క ముందు కావాలన్నది.

ఈ లెక్కలో చేర్చవలసిన మరికొన్ని:
- డ్రమ్ (పేజీ బొమ్మను టోనర్ పొడితో తీర్చే లోపలి గొట్టం) టోనర్‌తో కలిసే వస్తుందా, వేరుగా కొనాలా. వేరైతే దాని ధర, పేజీలు
- వాడిన టోనర్ పోగయ్యే వేస్ట్ టోనర్ డబ్బా ధర
- ట్రాన్స్‌ఫర్ బెల్టు (రంగులను కాగితం మీదికి చేర్చే పట్టీ), ఫ్యూజర్ (టోనర్‌ను వేడితో కాగితానికి అతికించే భాగం) ఎన్ని పేజీలకు మార్చాలి, ఎంత అవుతుంది

నలుపు పేజీలే ముద్రించినా రంగు టోనర్లు మెల్లగా తగ్గడం కనిపిస్తుంది. యంత్రం తనను తాను సరిచూసుకునేటప్పుడు, శుభ్రం చేసుకునేటప్పుడు నాలుగు రంగులూ కొద్దికొద్దిగా వాడుకుంటుంది. ఇది లోపం కాదు గానీ, ఖర్చు అంచనాకు పదో వంతు అదనంగా కలుపుకోవడం మంచిది.

4. మీ సొంత పరీక్ష పేజీలు తయారు చేసుకోండి

షోరూములో యంత్రం తనలో దాచుకున్న డెమో పేజీని ముద్రించి చూపిస్తారు. అది ఎప్పుడూ అందంగానే వస్తుంది. మీరు మీ పేజీలను పెన్‌డ్రైవులోనూ, ల్యాప్‌టాప్‌లోనూ పెట్టుకుని వెళ్లండి. ఆరు రకాల పేజీలు సరిపోతాయి.

మొదటి పేజీ: మూడు లిపుల పేజీ. ఒకే విషయాన్ని తెలుగు, ఒడియా, ఇంగ్లీషుల్లో 8, 10, 12 పాయింట్ల సైజుల్లో టైపు చేయండి. తెలుగు భాగంలో ఒత్తులు ఎక్కువగా ఉండాలి: లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, ఊర్ధ్వం, వాఙ్మయం, సంస్కృతి. ద, ధ, థ పక్కపక్కనే. ప, ఫ పక్కపక్కనే ఉంచండి. 8 పాయింట్ల సైజులో ధ కింద ఉండే చిన్న గీత, థ పొట్టలోని చుక్క విడిగా కనపడకపోతే ఆ యంత్రం మన పత్రాలకు పనికిరాదు. ఒడియా అక్షరాల్లో కొన్నింటికి తేడా లోపలి చిన్న మెలికలోనే ఉంటుంది, పైనున్న గుండ్రని భాగం అన్నింటికీ ఒకేలా కనిపిస్తుంది. టోనర్ కొంచెం అలుక్కుపోయినా ఆ మెలిక పూడిపోతుంది.

రెండో పేజీ: అదే పాఠం, రంగు అక్షరాలతో. ఎర్ర అక్షరం మెజెంటా, పసుపు టోనర్లు ఒకదానిపై ఒకటి పడితే వస్తుంది. ఆ రెండు రంగులూ వెంట్రుకవాసి పక్కకు జరిగినా ఒత్తు చుట్టూ పసుపు లేదా గులాబీ అంచు కనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కంటే గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఇది త్వరగా బయటపడుతుంది. ఒక భూతద్దం వెంట తీసుకెళ్లండి.

మూడో పేజీ: ముదురు రంగు పట్టీ మీద తెల్ల అక్షరాలు, సన్నని గీతల పట్టిక. కొటేషన్లలో మనం ఎక్కువగా వాడేది ఇదే.

నాలుగో పేజీ: మీ అసలు పత్రం. లోగో ఉన్న లెటర్‌హెడ్, చీర బొమ్మ ఉన్న కేటలాగు పేజీ, లేదా భూమి పటం, ఏది మీ పనైతే అది. చీరల వ్యాపారులు అసలు చీర ముక్కను పక్కన పెట్టుకుని పగటి వెలుతురులో పోల్చి చూడాలి. ముదురు మెరూన్, నెమలికంఠం రంగులు లేజర్‌లో కొంత మారతాయి. ఎంత మారితే ఒప్పుకోగలరో ముందే నిర్ణయించుకోండి.

ఐదో పేజీ: నాలుగు రంగులకూ విడివిడిగా 20 శాతం లేత పూత నిండిన పేజీలు. చారలు, మచ్చలు, ఒకవైపు లేతగా ఒకవైపు ముదురుగా పడడం, అన్నీ ఇందులోనే తేలతాయి.

ఆరోది: స్కాన్ చేసిన బొమ్మలతో బరువుగా ఉన్న ఇరవై పేజీల పీడీఎఫ్. యంత్రం జ్ఞాపకశక్తి, ప్రాసెసర్ ఎంతో దీనితో తెలిసిపోతుంది.

పాత ఫాంట్లతో టైపు చేసిన పత్రాలు మీ దగ్గర ఉంటే వాటిలోంచి ఒకటి తప్పక చేర్చండి. విండోస్‌లోని నిర్మలా యూఐ, గౌతమి, కళింగ వంటి యూనికోడ్ ఫాంట్లు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. పాత పద్ధతి ఫాంట్లను కొన్ని డ్రైవర్లు (కంప్యూటర్‌ను ప్రింటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్లు) మార్చేసి గజిబిజి గుర్తులుగా ముద్రిస్తాయి.

5. డెమో రోజున పాటించవలసిన వరుస

వీలైతే డెమో యంత్రాన్ని మీ ఆఫీసుకే తెప్పించండి. బృందం కోసం కొనే యంత్రానికి ఆ మాత్రం అడగడంలో తప్పు లేదు. కొంచెం పట్టుబడితే చాలామంది డీలర్లు ఒప్పుకుంటారు.

ఒకటి: యంత్రం కనీసం అరగంట ఖాళీగా ఉన్నాక నిద్రావస్థలో ఉండగా ఒక పేజీ పంపి, బయటికి వచ్చేదాకా ఫోన్‌లో సెకన్లు కొలవండి.

రెండు: ఆరు పరీక్ష పేజీలూ మీ కాగితం మీదే ముద్రించండి. డీలరు పెట్టే మెరుగైన 90 జీఎస్ఎం కాగితం మీద ఏ యంత్రమైనా బాగానే కనిపిస్తుంది.

మూడు: బయటికి వచ్చిన పేజీని నిమిషం ఆగి బొటనవేలి గోటితో గట్టిగా రుద్దండి, తర్వాత రంగు నిండిన చోట మడిచి తెరవండి. టోనర్ పొడిగా రాలితే ఫ్యూజర్ వేడి ఆ కాగితానికి చాలడం లేదని అర్థం. మందపాటి కాగితానికి డ్రైవరులో కాగితం రకాన్ని మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ రాలితే తిరస్కరించండి.

నాలుగు: ఇరవై పేజీల పీడీఎఫ్‌ను రెండువైపులా ముద్రణకు పంపి, అది నడుస్తుండగానే మరో ఇద్దరి కంప్యూటర్ల నుంచి ఒక్కో పేజీ పంపండి. వరుస తప్పకుండా, ఎవరి పేజీ వారికి వచ్చిందా చూడాలి.

ఐదు: వెలుగుకు ఎదురుగా పట్టి ముందువైపు, వెనుకవైపు అంచులు కలుస్తున్నాయా చూడండి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఫరవాలేదు.

ఆరు: బైపాస్ ట్రేలో (కాగితాన్ని చేత్తో విడిగా పెట్టే చోటు) లీగల్ సైజు కాగితం పెట్టి ముద్రించండి. లీగల్ కొలత 216 × 356 మిల్లీమీటర్లు. ఫుల్‌స్కేప్ పేరుతో దొరికే కాగితం అంతకంటే పొట్టిగా ఉంటుంది కాబట్టి స్కేలుతో కొలిచి ఆ కొలతే డ్రైవరులో ఇవ్వండి. స్టాంపు పేపరు మీద ముద్రించే ఆఫీసులు మొదట అదే సైజుకు కత్తిరించిన మామూలు కాగితంతో ప్రయత్నించాలి. ఎంతో విలువైన స్టాంపు పేపరు లోపల నలిగిపోతే పూడ్చుకోవడం కష్టం.

ఏడు: కావాలనే ఒక కాగితం ఇరుక్కునేలా చేసి, డీలరు మనిషి కాకుండా మీ ఆఫీసులో అందరికంటే తక్కువ అలవాటున్న వ్యక్తి చేత తీయించండి. టోనర్ మార్చడం కూడా ఆ వ్యక్తి చేతే. బృందంలో యంత్రం ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చేది ఈ పరీక్షే అని నా గట్టి నమ్మకం. ఇరుక్కున్న కాగితాన్ని ఎదురు దిశలో లాగి చింపడం వల్ల చెడే ఫ్యూజర్లు తక్కువేమీ కావు.

6. స్థలం, కరెంటు, తేమ

లేజర్ ప్రింటర్‌లో ఫ్యూజర్ వేడెక్కే క్షణాల్లో 1,000 వాట్లు దాటి కరెంటు లాగుతుంది. అందువల్ల యూపీఎస్ బ్యాటరీ పాయింటుకు దీన్ని కలపవద్దని తయారీదారులే చెబుతారు. కంప్యూటర్లకు యూపీఎస్, ప్రింటర్‌కు నేరుగా గోడ పాయింటు, ఇది నియమంగా పెట్టుకోండి.

డెమో సమయంలో ప్రింట్ మొదలైనప్పుడు గదిలోని దీపాలు మినుకుమంటున్నాయేమో గమనించండి. మినుకుమంటే ఆ లైను మీద భారం ఎక్కువైందని, లేదా వైరింగు సన్నగా ఉందని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వేరే లైను వేయించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో మీటరుతో చూపించుకోవడం కూడా అప్పుడే అయిపోతుంది. వోల్టేజీ తరచూ పడిపోయే చోట స్టెబిలైజర్ పెట్టవచ్చు, అయితే అది యంత్రం గరిష్ఠ వాట్లకు కనీసం ఒకటిన్నర రెట్లు మోయగలదై ఉండాలి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ నడపవద్దు.

తేమ మన తీరప్రాంతపు ప్రధాన శత్రువు. గోపాలపురం గాలి తగిలే బరంపురంలో వానాకాలం రెండు రోజులు ట్రేలో ఉన్న కాగితం మెత్తబడి, ఫ్యూజర్ వేడి తగలగానే చుట్టుకుపోతుంది; అదే ఇరుక్కోవడానికి, రంగు వెలవెలబోవడానికి కారణమవుతుంది. మెకానిక్ వచ్చి రోలర్లు మార్చినా ఈ జబ్బు నయం కాదు.

తేమకు చేయవలసినవి:
- రీము కవరును అవసరమైనప్పుడే విప్పండి. మిగిలినదాన్ని మళ్లీ గట్టిగా చుట్టి పెట్టండి
- సాయంత్రం ట్రే ఖాళీగా ఉంచండి లేదా యాభై కాగితాలకు మించి వదలకండి
- కాగితాల కట్టలను నేల మీద, తడి గోడకు ఆనించి పెట్టకండి
- ప్రింటర్‌ను కిటికీకి, ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకు దూరంగా, నాలుగువైపులా గాలి ఆడేలా ఉంచండి

చాలా ఆఫీసు ప్రింటర్లకు చెప్పే పని ఉష్ణోగ్రత పైహద్దు 32 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. రాయగడ, గుణుపురం వేసవిలో ఏసీ లేని గది అంతకు మించి వేడెక్కుతుంది కాబట్టి మే నెలలో ఎక్కువ పని ఉన్న ఆఫీసులు ఈ అంకెను తప్పక చూడాలి. కోరాపుట్, జయపురం వైపు చలికాలంలో దీనికి విరుద్ధమైన ఇబ్బంది: రాత్రంతా లారీలో చల్లబడి వచ్చిన యంత్రాన్ని వెచ్చని గదిలో పెట్టగానే లోపల చెమ్మ పడుతుంది. పెట్టె విప్పాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి.

కాగితం గురించి ఒక మాట. రాయగడ పక్కనే జయకయ్‌పూర్‌లో కాపియర్ కాగితం తయారుచేసే జేకే పేపర్ మిల్లు ఉంది. దేశమంతా వాడే కాగితం మన ముంగిట్లోనే తయారవుతున్నప్పుడు, పది రూపాయల తేడా కోసం పేరులేని కట్టలు కొని రోలర్లను దుమ్ముతో నింపుకోవడం దండగ.

7. నెట్‌వర్క్, భద్రత

దీన్ని క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే ఇప్పటి యంత్రాల్లో చాలావరకు సమానంగానే ఉంటుంది. వైఫై ఉన్నా, బృందం వాడే ప్రింటర్‌ను ఈథర్‌నెట్ కేబులుతోనే కలపండి. రౌటరులో దానికి ఒకే ఐపీ చిరునామా కేటాయించండి. చిరునామా మారిపోవడం వల్లనే చాలాసార్లు ప్రింటర్ ఆఫ్‌లైన్ అని చూపిస్తుంది.

సరిచూసుకోవలసినవి:
- పీసీఎల్6, పోస్ట్‌స్క్రిప్ట్ (కంప్యూటర్ పేజీని ప్రింటర్‌కు వివరించే రెండు భాషలు) డ్రైవర్లు రెండూ ఉన్నాయా
- కలర్ ముద్రణను కొందరికే పరిమితం చేసే వీలుందా
- యంత్రం దగ్గరికి వెళ్లి పిన్ నొక్కాకే ముద్రించే సదుపాయం ఉందా (జీతాల పత్రాలు, ఖాతాదారుల పన్ను పత్రాలు ఉన్న ఆఫీసులకు ఇది తప్పనిసరి)
- అడ్మిన్ పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చగలరా
- ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత ఇతర కంపెనీల టోనర్లను యంత్రం అడ్డుకుంటుందా; అడ్డుకుంటే ఆ సంగతి డీలరు చేత ముందే రాతలో చెప్పించుకోండి

8. సర్వీసు, బిల్లు, రాష్ట్రాల హద్దు

సరిహద్దు జిల్లాల్లో ఉన్నవారికి అసలు చిక్కు ఇక్కడే. రాయగడకు భువనేశ్వర్ కంటే విశాఖపట్నం దగ్గర, బరంపురానికి భువనేశ్వర్ దగ్గర. విశాఖలో ధర బాగుందని కొన్నాక, సర్వీసు కోరినప్పుడు ఆ ఫిర్యాదు ఒడిశా విభాగానికి వెళ్లి, ఎవరు రావాలో తేలక వారాలు గడిచే ప్రమాదం ఉంది. కొనేముందే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి, మీ పిన్ కోడ్ చెప్పి (పర్లాకిమిడి అయితే 761200), ఆఫీసుకు వచ్చి చేసే వారంటీ ఆ పిన్ కోడ్‌కు వర్తిస్తుందా అని అడగండి. డీలరు నోటిమాట దీనికి బదులు కాదు.

అడగవలసిన ప్రశ్నలు:
- ఫిర్యాదు చేసిన ఎన్ని పనిదినాల్లో మనిషి వస్తాడు, ఏ ఊరి నుంచి వస్తాడు
- ఫ్యూజర్, ట్రాన్స్‌ఫర్ బెల్టు, పికప్ రోలర్ అక్కడ నిల్వ ఉంటాయా
- నాలుగు రంగుల టోనర్లూ మా ఊళ్లో లేదా పక్క ఊళ్లో ఏ కొట్లో దొరుకుతాయి
- ఏఎంసీలో (వార్షిక నిర్వహణ ఒప్పందం) విడిభాగాలు కలిసి ఉన్నాయా, కూలి మాత్రమేనా

టోనర్ ప్రశ్నకు జవాబు దొరికాక ఆ కొట్టుకు వెళ్లి పసుపు టోనర్ అడిగి చూడండి. నలుపు అందరి దగ్గరా ఉంటుంది. పసుపు, మెజెంటా నిల్వ ఉన్న కొట్టు ఉంటేనే ఆ మోడల్ మీ ఊళ్లో నడుస్తున్నట్టు లెక్క.

బిల్లు సంగతి: జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న ఒడిశా ఆఫీసు నంబరు 21తో మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్ డీలరు (37), తెలంగాణ డీలరు (36) ఒడిశాకు పంపుతూ వేసే బిల్లులో ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు వేసే జీఎస్టీ) ఉండాలి. అక్కడి రాష్ట్ర ఎస్‌జీఎస్టీ వేసి బిల్లు ఇస్తే ఆ క్రెడిట్ మీ ఒడిశా రిజిస్ట్రేషన్‌లో మీకు దక్కదు. సరుకు విలువ రూ. 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కూడా తప్పదు. ముఖ్యంగా సొంత కారులో పెట్టుకుని తెచ్చేవారు దీన్ని మరచిపోతుంటారు.

యంత్రం వెనుక ఉన్న లేబుల్ మీద బీఐఎస్ (బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్) నమోదు గుర్తు, సంఖ్య ఉన్నాయా చూడండి. అవి లేని యంత్రం దొంగదారిన దిగుమతి అయినదై ఉండవచ్చు. దానికి ఇక్కడ వారంటీ అందదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఒకే మచ్చ పేజీ పొడవునా సమాన దూరాల్లో మళ్లీ మళ్లీ పడడం: మచ్చకూ మచ్చకూ మధ్య దూరాన్ని స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. ఆ దూరం లోపల తిరిగే ఏదో ఒక డ్రమ్ లేదా రోలరు చుట్టుకొలతకు సమానం. ఏ కొలతకు ఏ భాగమో ఆ మోడల్ సర్వీసు పుస్తకంలో పట్టిక ఉంటుంది. ఈ కొలత చెప్పి ఫిర్యాదు చేస్తే మెకానిక్ సరైన భాగంతోనే వస్తాడు, రెండోసారి రావలసిన పని ఉండదు.

రంగు అంచులు జరిగి కనిపించడం: మెనూలో కలర్ కాలిబ్రేషన్ (యంత్రం తన రంగులను తానే సరిచేసుకోవడం) నడిపి మళ్లీ ముద్రించండి. డెమో యంత్రాన్ని కదిలించి తెచ్చినప్పుడు ఇది సహజం కాబట్టి, కాలిబ్రేషన్ తర్వాతే తీర్పు చెప్పండి.

ఫాంటు గజిబిజిగా రావడం: పీసీఎల్ డ్రైవరుకు బదులు పోస్ట్‌స్క్రిప్ట్ డ్రైవరుతో ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే పత్రాన్ని పీడీఎఫ్ చేసి, అడోబ్ రీడర్ ప్రింట్ విండోలోని అడ్వాన్స్‌డ్ అమరికల్లో పేజీని బొమ్మగా ముద్రించే ఎంపికను పెట్టండి. నెమ్మదిగా వస్తుంది గానీ అక్షరం చెడదు.

ఇంక్‌జెట్ ఫొటో కాగితం పెట్టడం: దాని పూత ఫ్యూజర్ వేడికి కరిగి రోలరుకు అంటుకుంటుంది, దీనికి సవరణ లేదు. ప్రెస్సులో రంగులతో ముందే అచ్చువేయించిన లెటర్‌హెడ్‌లకు కూడా ఆ సిరా సుమారు 200 డిగ్రీల వేడిని తట్టుకుంటుందా అని ప్రెస్సువారిని అడగాలి.

అందరికీ కలర్ తెరిచి ఉంచడం: డ్రైవరు మామూలు అమరికను నలుపుకు, రెండువైపుల ముద్రణకు మార్చండి. కలర్ కావలసినవారు కావలసినప్పుడు ఎంచుకుంటారు.

టోనర్ పొడి ఒలికితే తడి గుడ్డతో కాకుండా పొడి గుడ్డతో తుడవండి, వేడినీళ్లు తగలనివ్వకండి. మామూలు వాక్యూమ్ క్లీనరు వాడవద్దు. ఖాళీ టోనర్లను చెత్తలో కాల్చకుండా, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం తయారీదారు సేకరణ కేంద్రానికి అప్పగించండి.

10. నిర్ణయం, మొదటి వారం

రెండు మూడు యంత్రాలు చూశాక వందకు మార్కులు వేయండి. నేనైతే పేజీ ఖర్చుకు 30, సర్వీసుకు, టోనర్ లభ్యతకు కలిపి 30, మీ పరీక్ష పేజీల నాణ్యతకు 20, కాగితం తీయడం, టోనర్ మార్చడం లాంటి వాడుక సౌలభ్యానికి 15, వేగానికి 5 ఇస్తాను. చిన్న తెలుగు అక్షరాల పరీక్షలో తప్పినదానికి మిగతా మార్కులు ఎన్ని వచ్చినా పక్కన పెట్టండి.

యంత్రం వచ్చిన రోజు చేయవలసినవి:
- పెట్టె మీది సీరియల్ నంబరు, యంత్రం మీదిది, బిల్లులోది మూడూ ఒకటేనా చూడండి
- కాన్ఫిగరేషన్ పేజీ ముద్రించి మొత్తం పేజీల సంఖ్య చూడండి. కొత్త యంత్రంలో అది అతి తక్కువగా ఉండాలి, వందల్లో ఉంటే డెమో యంత్రాన్ని అంటగట్టినట్టే
- డెమోలో ముద్రించిన ఆరు పేజీలనే మళ్లీ ముద్రించి, తేదీ వేసి, పాతవాటితో పోల్చి, ఫైలులో ఉంచండి
- వారంటీని కంపెనీ వెబ్‌సైటులో మీ పిన్ కోడ్‌తో నమోదు చేయండి
- అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, ఐపీ చిరునామాతో పాటు యంత్రం పక్కన కాకుండా ఆఫీసు రికార్డులో రాసిపెట్టండి

స్టార్టర్ టోనర్ అయిపోయి మొదటి పూర్తి టోనర్ పెట్టిన రోజున దాని మీద తేదీని, అప్పటి పేజీల సంఖ్యను మార్కరుతో రాయండి. అది అయిపోయినప్పుడు మళ్లీ సంఖ్య చూసి తీసివేసి, టోనర్ ధరను ఆ తేడాతో భాగిస్తే మీ ఆఫీసు అసలు పేజీ ఖర్చు తేలుతుంది; మూడో మెట్టులో వేసిన అంచనాకు అది బాగా ఎక్కువగా ఉంటే కలర్ అనుమతులను, డ్రైవరు అమరికలను ఆ వారమే సరిచేసుకోండి.